జట్టులో ఎలుగుబంటి

నలభై ఏళ్ళు చెరకు కోత జట్లు నడిపాను. కత్తులు చేతికిచ్చే ముందు ప్రతివాణ్ణీ అడిగేవాణ్ణి, "నీకెవడితో పడదురా?" అని. అడిగాక ఒక్కడు మారినా సరే, మళ్ళీ మొదటినుంచీ అందరినీ అడగాల్సిందే.

ఇప్పుడు చోడవరంలో ఒక కంప్యూటర్ ఆఫీసుకి కాపలా ఉంటున్నాను. అక్కడ దేవిశ్రీ అనే గుంట చేసేదీ ఇదే. తన ప్రోగ్రాము ఎవరెవరో ముందే రాసిపెట్టిన ప్యాకేజీలనే ముక్కల మీద నడుస్తుందట. ఒక్కోదానికి పక్కది ఫలానా వెర్షనే కావాలట, వేరేదైతే పేచీ. నల్లటి తెర మీద "పిప్ చెక్" అని కొడితే దేనికి దేనితో పడదో చెప్పేస్తుంది.

పర్మనెంటు ఉద్యోగం ఒక్కటే. దానికి దేవిశ్రీ, గౌరీశంకర్ పోటీ. ఆ సోమవారం పదకొండింటికి యజమాని హరిబాబు ముందు దేవిశ్రీ ప్రోగ్రాము నడిస్తే ఉద్యోగం తనది, లేకపోతే వాడిది. తొమ్మిదింటికి చెక్ కొట్టింది. తగువేమీ లేదని వచ్చింది. సంబరపడి మాడుగుల హల్వా కొనడానికి బయటికి వెళ్ళింది.

గౌరీశంకర్ ఆమె కుర్చీలో కూర్చుని టకటకా ఏదో కొట్టాడు.

"ఏటి బాబూ అది?"

"ఏటీ లేదు తాతా. ఓ ప్యాకేజీ పాతది తీసి కొత్తది ఏసేను. నీ జట్టులో ఒకడ్ని మార్చేననుకో." కన్ను కొట్టాడు. నా మాట ఎవరూ నమ్మరని వాడికి తెలుసు.

దేవిశ్రీ రాగానే చెబుదామనుకున్నాను. కానీ ఉత్తినే చెబితే ఏం బాగుంటుంది?

"ఒసే గుంటా, ఓపాలి రోలుగుంట ఊర్లో నా జట్టులోకి దాసుగాడి బదులు ఎలుగుబంటొచ్చింది. తలపాగా సుట్టుకుని, సెవిలో బీడీ ఎట్టుకుని. ఎవడూ పోల్చలేదు!"

"మళ్ళీ మొదలెట్టేవా తాతా!" పగలబడి నవ్వింది.

ఎదుటివాళ్ళు నవ్వితే నేనాగలేను. 'నీ జట్టులోనూ ఒకడు మారాడు, మళ్ళీ అడుగు' అన్న ముక్కని చివరికి దాచుకున్నాను. ఎలుగుబంటి ఇంకా సగం చేనైనా కోయకముందే హరిబాబు మెట్లెక్కి వచ్చేశాడు.

ప్రోగ్రాము మొదలైన నిమిషానికే తెర నిండా ఎర్ర అక్షరాలు. దేవిశ్రీ మళ్ళీ చెక్ కొట్టింది. ఒక్కటే లైను వచ్చింది, కొత్తగా వచ్చినదానితో మరోదానికి పడదని.

"ఈ చెక్కేదో ముందే సెయ్యాలి కదమ్మా," అన్నాడు హరిబాబు.

"చేసేను సార్, తొమ్మిదింటికి."

"ఇప్పుడు పదకొండు."

"గౌరీశంకర్ బాబు మార్చేడండి, నా కళ్ళతో సూసేను," అన్నాను.

"నిన్న రైవాడ డ్యాములో చేప నీతో తగువాడిందన్నావు. ఈవేళ ఇదా, పెదబాబూ?"

అందరూ నవ్వారు. గౌరీశంకర్ ఆమె బల్ల మీది హల్వా పొట్లం విప్పి ముందు నాకే పెట్టాడు. తిన్నాను. బాగుంది.

దేవిశ్రీ సంచీ సర్దుకుని మెట్ల దగ్గర ఆగింది.

"ఎలుగుబంటిని ఒగ్గేసి ఆ ఒక్క ముక్కా సెప్పలేకపోయేవా తాతా?"

కొత్తగా చేరినవాళ్ళకి ఇప్పటికీ ఈ కథ చెబుతుంటాను. తలపాగా దగ్గరకొచ్చేసరికి విరగబడి నవ్వుతారు. అక్కడితో ఆపేస్తాను.