బాలేష్ గుండెలోని గుట్ట

మిలిటరీ భర్తీ దగ్గర పడిందంటే శామీర్‌పేట రోడ్డు తెల్లారకముందే లేచేది. పరుగెత్తే పిల్లలను చూసి కంకర లారీలు హారన్ కొట్టేవే గానీ పక్కకు జరిగేవి కావు. పిల్లలే మట్టిలోకి దిగి పరుగెత్తేవారు. అందరికంటే ముందు బాలేష్. వినండి, ఆ పిల్లవాడి సంగతే చెబుతున్నాను. మైసమ్మ తల్లి వింటూనే ఉంటుంది కాబట్టి ఉన్నదున్నట్టే చెబుతాను.

పరుగులో నెగ్గాడు, ఛాతీ కొలతలో నెగ్గాడు. మిగిలింది గుండె పరీక్ష. ఒంటికి వైర్లు తగిలిస్తే మిషను ముల్లు కాగితం మీద గీత గీస్తుంది. ఎవరి గుండె అయినా తను పుట్టిన ఊరినే గీస్తుంది, మీకు తెలిసిందే. గూర్ఖా పిల్లలకు మంచుకొండల కొనలు, పంజాబు పిల్లలకు గోధుమచేల మెత్తని అలలు, మన వైపు వాళ్లకు బండ మీద బండ. ఆస్పత్రి గోడకు ఆరోగ్యవంతుడి గీత అని ఒకటి వేలాడేది. అది ఏ దేశం వాడిదో గానీ మన పిల్లల్లో ఒక్కడికీ సరిపోయేది కాదు. డాక్టరు పట్టాభిరామయ్యది కృష్ణ ఒడ్డు. ఆయన గీత వరిమడిలా చదును. అందుకే కొత్తలో మన బండలను జబ్బనుకొని చాలామందిని ఇంటికి పంపాడట. తరవాత అలవాటు పడ్డాడు.

బాలేష్ గీతను ఆయన వెలుతురుకు పట్టి చూశాడు.

"బండలు బాగానే ఉన్నాయి. మధ్యలో ఈ ఖాళీ ఏమిటయ్యా? గీతే తెగిపోయింది."

"ఆడ గుట్ట ఉండె సార్. కంకర కోసం కొట్టేసిన్రు."

"ఎవరు?"

"మా నాయినే సార్. క్రషర్ల పని జేస్తడు."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చదునుగా ఉన్నా పాస్ చేసేవాణ్ణి. తెగిన గీతకు రూలు ఒప్పుకోదు. మంగళవారం పొద్దున మళ్లీ తీస్తాను. అప్పుడూ ఇంతే అయితే ఇంక రాకు."

ఆ భర్తీ తప్పితే బాలేష్‌కు వయసు దాటిపోతుంది.

ఇంట్లో బాలేష్ తండ్రి ఓదెలు కంచం ముందు అట్లాగే కూర్చున్నాడు. అతని తల్లి సిద్దమ్మ ఊరుకోలేదు.

"అంత గుట్టను మింగినోనివి, బువ్వ మింగుతలేవేందిరా?"

"కూలి జూసిన గని గా సోయి లేకపాయె అవ్వా. కొడుకు గుండెల గంత బొంద వడ్తదనుకోలే."

"మైసమ్మ తల్లిని గుట్ట మీదికెల్లి దింపిననాడే అనుకున్న, మీద ఏదన్న ఒకటి నిలవాలె అని. ఇగ మనమే నిలవడాలె. మంగళారం పొద్దుగాల వాడకట్టు ఆడోళ్లంతా బోనాలెత్తుండ్రి."

కోడలు దుర్గమ్మ సందేహపడింది. "బోనాలు ఐతారం గదా అత్తా?"

"తల్లి క్యాలెండర్ జూస్తదా? నువ్వు కుండకు పసుపు రాయి."

ఆషాఢం గాలి. మంగళవారం పొద్దున క్వారీ గోతి అంచు వెంట, గుట్ట ఉన్న చోట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. నెత్తిన బోనం, బోనం మీద దీపం. ఓదెలు పనికి పోలేదు. దీపాలు ఆరకుండా గొంగడి అడ్డం పట్టుకొని నిలబడ్డాడు.

అదే వేళకు ఆస్పత్రిలో ముల్లు కదిలింది. బండ, బండ, బండ. ఖాళీ దగ్గరికి వచ్చి ఆగినట్టే ఆగింది. తరవాత గుండ్రంగా ఒక మిట్ట గీసింది, దాని పైన సన్నని మొన. దాని పక్కనే ఇంకొకటి. పక్కన మరొకటి. గీత ఎక్కడా తెగలేదు.

"ఇవేమిటయ్యా?"

"బోనాలు సార్."

డాక్టరు కాగితాన్ని కొస దాకా లాగి చూశాడు. చివరన వేలు పెట్టి ఆపాడు.

"ఈ ఒక్కటే వణుకుతోందేం?"

బాలేష్ మంచం మీది నుంచి తల ఎత్తి చూశాడు. "మా ముసలవ్వ సార్. మోకాళ్ల నొప్పులు."

పట్టాభిరామయ్య ఫిట్ అని ముద్ర కొట్టి, వైర్లు తన చేత్తోనే పీకేశాడు.

"చొక్కా దారిలో తొడుక్కో. పరుగెత్తు. ముందు ఆవిడను కూర్చోమని చెప్పు."

బాలేష్ పరుగెత్తాడు. ఆ పూట శామీర్‌పేట రోడ్డు మీద కంకర లారీలే మట్టిలోకి దిగాయి.