ఇరవై ఏడో సాయంత్రం

ఇరవై ఆరు ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉంది, అతని దగ్గరే లేదు అనుకుంది బ్రయ్‌నా, సబ్బు నురగలోంచి ఇంకో పళ్ళెం తీస్తూ. యూదుల పస్కా పండుగ రెండో రాత్రి మొదలు నలభై తొమ్మిది రాత్రులు, చుక్కలు పొడిచాక, ఆశీర్వచనం పలికి ఆ రోజు అంకె పైకి చెప్పాలి. ఒక్క రోజు పూర్తిగా తప్పిపోతే ఆ ఏడాదికి ఇక ఆశీర్వచనం పలకడానికి లేదు. ఆ ఆజ్ఞ మగవాళ్ళది. వేళ పట్టింపు ఉన్న ఆజ్ఞల నుంచి ఆడవాళ్ళకు మినహాయింపు. శాస్త్రపాఠానికి వెళ్ళాలని భర్త ఫైవల్ పొద్దుండగానే ప్రార్థన ముగించేస్తాడు కాబట్టి అతని లెక్క ఇంటికొచ్చాకే. పెళ్ళయిన పదకొండేళ్ళుగా గుర్తుచేసేది ఆమె.

“నీకేం మహాతల్లీ, బరువు లేని బతుకు” అనేవాడు నవ్వుతూ. అత్తగారైతే, “గుర్తుచేయడమే మన పుణ్యమమ్మాయ్. వాడి ఫలంలో సగం నీదేగా” అనేది.

సగం! కూరగాయల సంచులతో మూడంతస్తులు ఎక్కేటప్పుడు ఎవరూ ఇవ్వని మినహాయింపు, దేవుడి ముందు నోరు విప్పడానికి మాత్రం దొరికింది. ఆమెకు అసూయ అతని పుస్తకాల మీద కాదు. అతను పలక్కపోతే పైన ఒకరికి వెలితి, దాని మీద. తను మౌనంగా ఉంటే ఎవరికీ ఏ లోటూ లేదు. కళ్ళు మూసుకుని పలికే ఆ అర నిమిషం ఫైవల్ గొంతు ఎంత మెత్తబడేదో! ఆ మెత్తదనం ఆమె కోసం ఎన్నడూ రాలేదు. మొగుడి కోటుకు పరాయి అత్తరు వాసన తగిలినట్టు ఉండేది. అందుకే ఈ ఏడు మొదటి రాత్రి నుంచీ పంపు చప్పుడులో, ఆశీర్వచనం లేకుండా, అంకె మాత్రం తనూ గొణుక్కుంటూ వచ్చింది.

నిన్న చిన్నపిల్ల హెన్యాకు జ్వరం. ఫైవల్ వస్తూనే బూట్లతో కుర్చీలో నిద్రపోయాడు. లేపడానికి భుజం దాకా చెయ్యి చాచింది. వెనక్కి తీసుకుంది. వంటింట్లోకి వెళ్ళి తన ఇరవై ఆరు తను చెప్పుకుంది. ఇవాళ పొద్దు గుంకేలోగా ఆశీర్వచనం లేకుండా నిన్నటి అంకె ఒక్కటి చెప్పినా అతని లెక్క నిలిచేది. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, “ఉప్పు చాల్లేదు” అన్నాడు. ఉప్పు అందించింది.

తలుపు దడాలున తెరుచుకుంది.

“బ్రయ్‌నా! నిన్న నేను లెక్క చెప్పానా?”

“లేదు.”

అతను గోడకు జారబడ్డాడు. “పదకొండేళ్ళలో ఒక్క రోజు తప్పలేదే! నువ్వెలా మర్చిపోయావ్? నీకున్నది ఇదొక్క పనేగా!”

ఆమె పంపు కట్టేసింది.

“మర్చిపోలేదు. నేను చెప్పుకున్నాను.”

“మరి నన్ను లేపలేదేం?”

“లేపాలనిపించలేదు.”

అతని మొహం చూస్తే జాలేసింది. జాలి అడుగున ఆ పాత మంట అలాగే ఉంది. అతను పోగొట్టుకున్నందువల్ల తనకేమీ రాలేదని అప్పుడు తెలిసింది. కిటికీలో, ఎదుటి మేడ పైన, మూడు చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చేతులు తుడుచుకుంది. జారిన తలగుడ్డ సర్దుకుంది. ఆశీర్వచనం మొదటి మాట నుంచి చివరి దాకా, లెక్కించమని దేవుడు మాకు ఆజ్ఞాపించాడనే చోట కూడా తడబడకుండా, పైకే పలికింది. తర్వాత అంది:

“ఇవాళ్టికి ఇరవై ఏడు రోజులు. మూడు వారాల ఆరు రోజులు.”