చెమ్మ పట్టిన బండి

డోరీన్ హెస్లప్‌కి కోపం రావడం కొత్త కాదు. ముప్ఫై రెండేళ్ళు బడి వంటశాలలో గరిట పట్టిన మనిషి. ఆమె కోపం తెలియని పిల్లలు ఆ ఊళ్ళో లేరు. కానీ స్కాట్లండ్‌లో ఉల్లాపూల్ సముద్రపు ఒడ్డున ఆ మంగళవారం పొద్దున వచ్చిన కోపం అలాంటిది కాదు.

మూడు రోజులుగా ఒకటే వాన. మోటర్‌హోమ్‌లో మంచం మీంచి లేవబోతూ ఆసరాకి గోడ మీద చెయ్యి వేసింది. చెయ్యి మణికట్టు దాకా లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే వేళ్ళ నిండా నల్లటి గుజ్జు. ఒకప్పుడు అది చెక్క.

"క్లిఫ్, లే. నీ బండి గోడ నా చేతిలోకొచ్చింది."

ఆమె మొగుడు క్లిఫ్ లేచి ఆ కన్నం చూశాడు, ఆమె చెయ్యి చూశాడు. కన్నంలోంచి పరుపు మీదికి నీళ్ళు కారుతున్నాయి.

బండి కొని అప్పటికి పంతొమ్మిది రోజులు. పెళ్ళయిన దగ్గర్నుంచి సెలవులన్నీ గుడారంలోనే గడిపిన మొగుడూ పెళ్ళాలు వాళ్ళు. ఇద్దరూ రిటైరయ్యాక మోకాళ్ళు నేల మీద పడుకోనివ్వడం మానేశాయి. దాచుకున్నదంతా పెట్టి, పన్నెండేళ్ళ పాత మోటర్‌హోమ్ కొన్నారు. వెనక పడక, మధ్యలో పొయ్యీ బల్లా, ముందు స్టీరింగు. ఇక చచ్చేదాకా స్కాట్లండ్ అంతా తిరగొచ్చనుకున్నారు.

అమ్మినవాడు రాయిస్టన్ పెల్. ఇంగ్లండ్‌లో థర్స్క్ దగ్గర పల్లెలో చక్కటి రాతి ఇల్లు, ముందు గులాబీ మొక్కలు. "ఇది మా ఆవిడ బండి. ఆవిడ పోయి ఏడాదైంది. ఇది ఇక్కడుంటే నాకు అన్నం సయించడం లేదు" అని కళ్ళొత్తుకున్నాడు. బస్సు డిపోలో నలభై ఏళ్ళు మెకానిక్‌గా చేసిన క్లిఫ్ గంటసేపు ఆ బండి కింద పడుకుని ప్రతి బోల్టూ తడిమాడు. డోరీన్ లోపలికెళ్ళింది. మే నెల ఎండలో హీటరు వేసి ఉంది, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, గుప్పుమని నిమ్మకాయ సెంటు. ఆ సెంటు అడుగున ఇంకో వాసన. తడి గుడ్డలు మూటకట్టి మర్చిపోతే వచ్చే వాసన.

"క్లిఫ్, ఇక్కడేదో ముక్కిపోయిన కంపు కొడుతోంది" అని కిటికీలోంచి చెప్పింది.

"ఇంజను మణిపూసలా ఉంది డోరీన్! వాసన చూసి కొనడానికి ఇదేమన్నా చేపా?" అన్నాడు క్లిఫ్ కిందినుంచి.

పెల్ పకపకా నవ్వాడు. క్లిఫ్ కూడా నవ్వాడు. ఆమె కిటికీ దగ్గరే కాసేపు నిలబడి, నోరు మూసుకుంది.

ఉల్లాపూల్ నుంచి ఇంటిదాకా గోడకి ప్లాస్టిక్ పట్టా అంటించుకుని వచ్చారు. ఇంటికొచ్చాక క్లిఫ్ పెల్‌కి ఫోను చేశాడు.

"మీరు మెకానిక్‌నని చెప్పారు కదండీ. గంటసేపు చూసుకునే కొన్నారు కదండీ" అన్నాడు పెల్ తియ్యగా. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

రెండు రోజులు డోరీన్ పాత బండ్ల అమ్మకం ప్రకటనలన్నీ గాలించింది. మూడో రోజు పెల్ పెట్టిన కొత్త ప్రకటన దొరికింది. బండి వేరు, వెనక కనబడే గులాబీ మొక్కలు అవే. 'నా దివంగత భార్య ప్రాణంలా చూసుకున్న బండి' అనే మాట, తాము చూసి కొన్న ప్రకటనలోదే, అక్షరం పొల్లుపోకుండా.

"ఇతనికి ఎంతమంది పెళ్ళాలు పోయారు క్లిఫ్?"

క్లిఫ్ ఆ ప్రకటనని కాగితం మీద అచ్చు తీసి ఆమెకిచ్చాడు.

"తాళాలు తీసుకో" అంది.

శనివారం మధ్యాహ్నం వెళ్ళేసరికి పెల్ ఇంటి ముందు ఒక పడుచు జంట నిలబడి ఉంది. అమ్మాయి పేరు అనీసా, అబ్బాయి జోయెల్. పెల్ అప్పుడే కళ్ళొత్తుకుంటున్నాడు. డోరీన్ తమ బండిని అతని వాకిలికి అడ్డంగా ఆపించి దిగింది.

"ఇలాంటి బండి మొదటిసారి కొంటున్నావా అమ్మా?"

"అవునండీ" అంది అనీసా బెదురుగా.

"ఎవరండీ మీరు?" అన్నాడు పెల్, పట్టా అంటించిన గోడ చూసి తెల్లబోతూ.

"మీ ఆవిడ బండి కొన్నదాన్ని. ఏ ఆవిడదో మరి, మీకే తెలియాలి." అనీసా వైపు తిరిగింది. "నాతో లోపలికి రా."

లోపల మళ్ళీ హీటరు. మళ్ళీ నిమ్మకాయ సెంటు.

"ఇంజను సంగతి మగాళ్ళు చూసుకుంటారు. ఇల్లు కారితే ఇంజను నీకు గొడుగు పడుతుందా? హీటరు ముందే వేసి ఉంచాడంటే గోడలు ఆరబెడుతున్నాడని అర్థం. సెంటు కొట్టాడంటే దేన్నో కప్పెడుతున్నాడని. ఆ పరుపెత్తు. కింద పెట్టెలో తలపెట్టి వాసన చూడు. ఇప్పుడు మూలలు నొక్కు. కిటికీల కింద, కప్పులో ఉన్న ఆ కిటికీ చుట్టూ. అలా నిమరడం కాదమ్మా, పిల్లిని ముద్దుచేస్తున్నావా? బొటనవేలితో, గట్టిగా!"

అనీసా కిటికీ కింద నొక్కింది. గోడ సొట్టపడి వేలు లోపలికి దిగింది. చటుక్కున వెనక్కి లాక్కుంది.

"అదిగో" అంది డోరీన్. "టైర్లు నల్లగా మెరుస్తున్నాయని మురిసిపోకు. పక్కన నాలుగంకెలుంటాయి, ఏ వారం, ఏ సంవత్సరం చేశారో. కాగితాల్లో ఎవరి పేరుంది, ఎన్నాళ్ళ నుంచి ఉంది, అడుగు. ఒకసారి చూసి కొనొద్దు. కుండపోతగా కురిసే రోజు మళ్ళీ రా. ఎండలో ప్రతి బండీ పెళ్ళికూతురే. తేమ కొలిచే మీటరున్న మనిషిని వెంటబెట్టుకురా. అమ్మేవాడు దానికి ఒప్పుకోలేదా, దండం పెట్టి వెళ్ళిపో. అన్నిటికంటే ముఖ్యం, నీకు వాసనొస్తే వచ్చినట్టే. ఎవడు నవ్వినా సరే."

బయట క్లిఫ్ తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"పోలీసుల్ని పిలుస్తాను!" అన్నాడు పెల్.

"పిలవవయ్యా. వాళ్ళ చేత కూడా నొక్కిస్తాను."

జోయెల్ నసిగాడు. "పాపం, వాళ్ళావిడ చాలా జాగ్రత్తగా చూసుకునేదట కదండీ..."

అప్పుడే ఇంటి తలుపు తెరుచుకుంది. చేతులకి తోటపని తొడుగులతో, కొమ్మలు కత్తిరించే కత్తెరతో ఒకావిడ బయటికొచ్చింది. "రాయిస్టన్, దారికడ్డంగా ఆ బండెవరిది? నేను సంతకి పోవాలి."

డోరీన్‌తో పాటు బండి దిగిన అనీసా అడిగింది. "మీరెవరండీ?"

"ఈయన భార్యని. మార్జరీ. ఏం?"

డోరీన్ సంచీలోంచి ప్రకటన కాగితం తీసి, "ఇలాంటిదే నమ్మి మేమొక బండి కొన్నాం" అని ఆమె చేతిలో పెట్టింది. మార్జరీ కళ్ళద్దాలు సర్దుకుని ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది.

"నేనెప్పుడు పోయాను రాయిస్టన్?"

"అదీ... వ్యాపారం కోసం ఏదో..." అని నీళ్ళు నమిలాడు పెల్.

"ఎలా పోయాను? గుండెపోటా, క్యాన్సరా? నా చావు నాక్కూడా తెలియాలి కదా. ఇప్పటికి ఎన్ని బండ్లకి చచ్చాను?"

"నాలుగు" అన్నాడు పెల్, చెప్పీ చెప్పనట్టు.

మార్జరీ కేకలు వెయ్యలేదు. ఆమె గొంతు తగ్గేకొద్దీ పెల్ కుంచించుకుపోయాడు. "వీళ్ళ డబ్బు వీళ్ళకిచ్చెయ్. ఇక్కడే, నా ఎదురుగా. లేదంటే ఇవాళ్టి నుంచి నీ ప్రకటన నిజమే అవుతుంది. ఈ ఇంట్లో నీకు పెళ్ళాం ఉండదు. ఇల్లు నాది, అది గుర్తుంచుకో."

పెల్ ఫోను తీసి డబ్బు పంపించాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. అప్పటికే అనీసా మొగుడి చెయ్యి పట్టుకుని కారు వైపు లాక్కుపోతోంది. వెళ్తూ వెళ్తూ వెనక్కొచ్చి డోరీన్‌ని ఒక్కసారి కౌగిలించుకుంది.

క్లిఫ్ తాళాలు బండి మీదే పెట్టేశాడు. ఇద్దరూ సంచులు మోసుకుని బస్సు స్టాపు దాకా నడిచారు. బల్ల మీద కూర్చున్నాక క్లిఫ్ అన్నాడు, "డబ్బంతా వచ్చేసింది కదా. ఇంకా కోపమేనా?"

"మోసం వాడిది క్లిఫ్. దానికి వాడి పెళ్ళాం ఉంది, చూసుకుంటుంది. కానీ ఆ రోజు నువ్వు కూడా నవ్వావు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నా పక్కన పడుకున్నవాడివి, ముక్కూ మొహం తెలియనివాడితో కలిసి నన్ను చూసి నవ్వావు."

క్లిఫ్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "తప్పే. ఇంజను గురించి నాకు తెలుసు కాబట్టి అన్నీ తెలుసనుకున్నాను. సిగ్గుగా ఉంది డోరీన్" అన్నాడు.

బస్సొచ్చింది. డోరీన్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో సంచీ పెట్టింది.

"సంచీ తియ్యనా?" అని అడిగాడు క్లిఫ్.

"ఇవాళ వద్దు" అంది.

అతను వెనక సీట్లో కూర్చున్నాడు. బస్సు పొలాల మధ్య నుంచి పట్నం వైపు సాగింది. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.