గింజ కట్టని గడ్డి

చెన్నయ్యకు కోపం ముక్కు మీదే కాపురముంటుంది. మూడేళ్లుగా ఆ కోపమంతా పక్క చేను కౌలుదారు జయపాల్ మీదే. జయపాల్ గట్టు మీద పెరిగిన అడవిగడ్డి గింజ రాల్చి తన పల్లి చేనును నాశనం చేసిందని ఆయన నమ్మకం. నమ్మి ఊరుకున్నాడా? జయపాల్‌కు ఇక కౌలు ఇవ్వొద్దని ఆ భూమి గల నర్సమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. ఆమె సోమవారం తేలుస్తానంది. కౌలు పోతే జయపాల్ పెళ్లాం పిల్లలతో మళ్లీ బొంబాయి బస్సెక్కాల్సిందే.

ఆదివారం చెన్నయ్య కూతురు సుమన గద్వాల బస్సు దిగింది. యూనివర్సిటీలో ఆమె పరిశోధన అడవిగడ్డి జాతుల మీదే. గడ్డి పీకడానికి కూడా పెద్ద చదువు కావాలా అని ఊరంతా నవ్వింది. నవ్వనీ! ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు. సంగతి వినగానే తను తెచ్చిన మైక్రోస్కోపు అరుగు మీద పెట్టింది.

"నాయినా, జర ఇటు రా. దీంట్ల సూడు."

"ఏంది బిడ్డా, పుల్లలు గిట్ల కనవడుతున్నయి?"

"గవి క్రోమోజోములు. పోయినసారి నీ చేన్ల తెంపుకపోయిన గడ్డియే. కంకి ఇంకా పొట్టల ఉన్నప్పుడే తెంపి చూస్తం. పుప్పొడి తయారయ్యెటప్పుడు ఇవి జతలు జతలుగ కూడాలె, తర్వాత సగం గిటు, సగం గటు పోవాలె. సూడు, ఎన్నిటికో జోడే లేదు. ఏ దిక్కు పోవాల్నో తెల్వక నడుమనే ఆగిపోయినయి. గందుకే పుప్పొడి తాలు, గింజ తాలు."

"వానల్లేక తాలు వోయింది. నా పల్లి గూడ పోయింది గద!"

"కుండీల వెట్టి దినాం నీళ్లు వోసిన. బీచుపల్లి ఏటి ఒడ్డున తెచ్చి సూసిన, వనపర్తి బాట పక్కన తెచ్చిన, నాగర్‌కర్నూల్‌ల తెచ్చిన. యాడ సూసినా గిదే కథ. రెండు జాతులు కలిసి పుట్టిన గడ్డి ఇది, కంచరగాడిద లెక్క. దీనికి గింజ కట్టదు."

"మరి నా చేన్లకు రెక్కలు కట్టుకొని వచ్చిందా?"

సుమన వాకిట్లో ఉన్న తండ్రి ట్రాక్టరు దగ్గరికి నడిచింది. దాని వెనక నేల దున్నే రోటవేటర్ కత్తులకు చుట్టుకున్న గడ్డి తీగను లాగి తండ్రి చేతిలో పెట్టింది. ఎండిన ముక్కే, కానీ కణుపు దగ్గర పచ్చటి మొలక.

"కణుపుకో మొక్క నాయినా. సావాలని నువ్వు ముక్కలు ముక్కలు గోస్తున్నవు. అది నరికినకొద్దీ నాటినట్టయితుంది."

చెన్నయ్య ముఖం మాడిపోయింది. "నీ సదువు నన్ను నలుగురి ముంగట నిలవెట్టనీకేనా?"

"కాదు. జయపాలన్నను బొంబాయి పంపనీకె గూడ కాదు. రేపు నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని చరచరా బయటికి పోయాడు. సుమనకు తను చూసినదాని మీద రవ్వంత అనుమానం లేదు. తండ్రి నోటి మీదే లేదు నమ్మకం.

మర్నాడు నర్సమ్మ వాకిట్లో జయపాల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చెన్నయ్యా, మాట మీదనే ఉన్నవా?" అంది నర్సమ్మ.

సుమన నోరు తెరవబోయింది. చెన్నయ్య చెయ్యెత్తి ఆపాడు.

"తప్పు నాది తల్లీ. ఆ గడ్డికి గింజే లేదంట. నా ట్రాక్టరే ముక్కలు జేసి చేనంత నాటింది. కౌలు జయపాల్‌కే ఇయ్యి."

సుమన గుండె సంతోషంతో నిండిపోయింది. మా నాయన మా నాయనే అనుకుంది.

అప్పుడు జయపాల్ మెల్లగా నోరు విప్పాడు. "పెద్దయ్యా, నాలుగేండ్ల కింద నువ్వు బీచుపల్లి దిక్కు కిరాయికి దున్ని, ట్రాక్టర్ కత్తులు దులపకుంటనే సక్కగ నా చేన్లకే వస్తివి. గప్పటి దాంక నా గట్టు మీద ఈ గడ్డి పోచ గూడ లేకుండె."

ఇది సుమనకూ తట్టలేదు.

"గట్లయితే నీ గట్టు కాడనే మొదలువెడ్త," అన్నాడు చెన్నయ్య. "రేపు పొద్దుగాల గడ్డపార వట్టుకొని వస్త. వేళ్లతో సహా తవ్వుత. నా చేను తర్వాత సూసుకుంట."

జయపాల్ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"రా పెద్దయ్యా. గనీ ట్రాక్టర్ మాత్రం తేకు."