గుట్ట లైన్లో ఉంది

“మాట్లాడడం కూడా ఒక పనేనా?” అన్నాడు ఆమె భర్త, ఇస్త్రీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. ఒక చెవి పొయ్యి మీద కాగుతున్న పాల మీద ఉంది, ఇంకో చెవి ముందుగదిలో గోడవారన బల్ల మీదున్న వైర్‌లెస్ సెట్టు మీద ఉంది. భర్త మాటకి జవాబు చెప్పలేదు. భయపడీ కాదు, గౌరవించీ కాదు. సెట్టులో అంబులెన్సు డ్రైవరు మాట్లాడుతున్నాడు, అతను ముగించేదాకా ఆమె నోరు తెరవదు. ఒకరు లైన్లో ఉండగా రెండోవాళ్లు నోరు మెదపకూడదన్నది, పెళ్లయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో అత్తగారు నేర్పిన మొదటి పాఠం. ఇంట్లో మాత్రం ఆ నియమం కోడలికి ఒక్కదానికే అని ఎవరూ నేర్పకుండానే తెలిసింది.

వాళ్ల ఇల్లు గుట్ట నెత్తిన ఉంటుంది. ఇటు దిగితే పట్నం, ఆసుపత్రి, ఫైరింజన్లు, వాటన్నిటినీ నడిపే కంట్రోల్ రూము. అటు దిగితే లోయ, పొలాలు, పల్లెలు, రాళ్ల క్వారీ. లోయలో ఎవరికి ఏ ఆపదొచ్చినా అక్కడి వైర్‌లెస్ గుట్ట దాటి పట్నానికి వినపడదు. అందుకని ఏనాడో ఈ ఇంట్లో ఒక సెట్టు పెట్టారు. వైర్‌లెస్‌లో ఈ ఇంటి పేరు ‘గుట్ట’. లోయ చెప్పింది విని పట్నానికి చెప్పాలి, పట్నం చెప్పింది విని లోయకి చెప్పాలి. ఒక్క ముక్క పోకూడదు, ఒక్క ముక్క కలవకూడదు. అందుకే విన్నది విన్నట్టు తిరిగి చెప్పి, అవతలివాళ్లు సరే అన్నాకే ముందుకి పంపాలి. కాగితాల మీద ఈ పని మామగారిది. ఆయన పోయాక ఆయన కొడుకుది. మామగారు ఇంటి పట్టున ఉండే మనిషి కాదు. కొడుకు పొద్దున్నే పట్నంలో ట్రాక్టర్ల షోరూముకి పోయి చీకటి పడ్డాక వస్తాడు. మరి సెట్టు దగ్గర కూర్చున్నదెవరని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. మొదట అత్తగారు కూర్చుంది. తర్వాత కోడలు కూర్చుంది. గోడకి మాత్రం మామగారి ప్రశంసాపత్రం అద్దం కట్టించుకుని కూర్చుంది.

కూర్చోవడమంటే కుదురుగా కూర్చోవడమూ కాదు. బట్టలు ఉతుకుతూ, నేల తుడుస్తూ, పిల్లకి జడ వేస్తూ, అన్నిటి మధ్యా ఒక చెవి సెట్టుకి అప్పగించి బతకడం. స్నానానికి వెళ్లినా తలుపు ఓరగా తెరిచే ఉంచాలి. పుట్టింటికి పోవాలంటే అత్తగారి మోకాళ్లు బాగుండాలి. విన్నది తిరిగి చెప్పే అలవాటు ఒంట్లోకి ఇంకిపోయి, ఇంట్లో ఎవరేం అడిగినా అలాగే అప్పజెప్పేది. “రెండు టీలు, ఒకటి చక్కెర లేకుండా” అని ఆమె అంటే ఆడపడుచు పగలబడి నవ్వేది. “మా వదినకి ఒకసారి చెప్తే రెండుసార్లు వినపడుతుంది” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నవ్వితే నవ్వారు. కానీ ఆ ఇంట్లో ఆమె చెప్పింది ఎవరైనా ఒక్కసారి తిరిగి చెప్పిన పాపాన పోయారా? “గ్యాసు అయిపోవచ్చింది” అంటే ఊఁ అనేవారు. “నడుము పట్టేసింది” అంటే ఊఁ అనేవారు. ఆ ఊఁ ఎవరి చెవిలోంచి వచ్చిందో, లోపలికి ఏం వెళ్లిందో దేవుడికే తెలియాలి.

పాప పుట్టినప్పుడు అత్తగారు కూతురింట్లో ఉంది. నొప్పులు మొదలయ్యాయి. భర్త సెట్టు ముందు నిలబడి ఏ బటన్ నొక్కాలో తెలియక చేతులు పిసుక్కున్నాడు. చివరికి ఆమే బల్ల అంచు పట్టుకుని, నొప్పికీ నొప్పికీ మధ్య, కంట్రోల్‌ని పిలిచి అంబులెన్సు అడిగింది. “గర్భిణి ఎవరు, ఏ ఊరు?” అని కంట్రోల్ అడిగితే “నేనే. ఓవర్” అంది. ఈ సంగతిని భర్త ఈనాటికీ నలుగురిలో జోకుగా చెప్తాడు. “మా ఆవిడ పురుడు కూడా రేడియోలోనే పోసుకుంది” అంటాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది చాలాకాలం. ఎప్పుడు మానేసిందో గుర్తు లేదు.

మానేసింది బహుశా ఆడపడుచు అత్తవారు భోజనానికొచ్చిన రోజేమో. ఆ మధ్యాహ్నం లోయలో బడి పిల్లల బస్సు కాలవలోకి ఒరిగింది. ఎంతమంది, ఏ దెబ్బలు, ఏ వైపు నుంచి దారి, అన్నీ విని, తిరిగి చెప్పి, పట్నానికి పంపేసరికి కూర మాడిపోయింది. పిల్లలందరూ బయటపడ్డారు. ఆ మాట చెబుదామని వసారాలోకి వస్తుంటే భర్త చుట్టాలతో అంటున్నాడు, “ఊళ్లో మంటలన్నీ మా ఆవిడే ఆర్పుతుంది, మా పొయ్యి మీద మంట తప్ప.” అందరూ నవ్వారు. పిల్లల సంగతి ఆమె చెప్పలేదు. ఆ బస్సు విషయంలోనే తర్వాత కలెక్టరు గారు గుట్టకి జ్ఞాపిక ఇచ్చారు. భర్త వేదికెక్కి తీసుకున్నాడు. సెట్టు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా, అందుకని ఆమె ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ పాత సెట్లన్నీ మారుస్తున్నారు. ఇంటికి కాస్త దూరంలో గుట్ట కొసన టవరు లేచింది. ఇకమీదట లోయ మాట పట్నానికి టవరే మోసుకెళ్తుంది. పట్నంలో ఫైరింజనుకీ, లోయలో క్వారీకీ ఒకటే ఛానల్. ఎక్కడ ఎవరు మాట్లాడినా అందరికీ వినపడుతుంది. ఆ వార్త విన్న రోజు ఆమెకి సంతోషమేసింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంక తనతో పని లేదనుకుంది. కానీ టవరుని కనిపెట్టుకుని ఉండడానికి, గాలివానకి అది మొరాయిస్తే మునుపటిలా మాట అందించడానికి, గుట్ట మీద ఒక ఆపరేటరు పోస్టు పెట్టారు. నెలజీతం. ఎన్నాళ్లుగానో ఆ పని చేస్తున్నవాళ్లకే ఇస్తారట, ఎవరికివ్వాలో కంట్రోల్ రూమే పేరు పంపాలట. ఆ కబురు తనే విని, తనే తిరిగి చెప్పి, రాత్రి అన్నాలప్పుడు భర్తకి చెప్పింది.

“మంచిది. నా పేరే ఉందిగా” అన్నాడు. ఒక ముద్ద మింగి, “నువ్వు కూర్చుందువుగానిలే” అని కూడా అన్నాడు.

ఆమెకి ఒళ్లు మండింది. ఆ మంట తెల్లారినా చల్లారలేదు. అప్పట్నుంచి రోజూ ఏదో ఒక సందులో మాట ఎత్తుతోంది. ఆ జీతంతో పిల్లని పట్నంలో మంచి బడిలో వేస్తానంది. చేస్తున్నది నేను కాబట్టి నా పేరుండాలంది. ప్రతిసారీ ఊఁ అన్నాడు. ఇవాళ కొత్త సెట్టు బిగించడానికి ఇంజనీరు వస్తాడని, పోస్టు సంగతి కూడా ఇవాళే తేలుస్తారని, షోరూముకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మాట్లాడడం కూడా ఒక పనేనా అని అడుగుతున్నాడు.

ఇంజనీరు కుర్ర వయసువాడు. పాత సెట్టు పక్కనే కొత్త సెట్టు బిగించాడు. సాయంత్రం దాకా నిజమైన పిలుపులన్నీ పాతదాని మీదే వస్తాయనీ, కొత్తది ఇవాళ పరీక్షకి మాత్రమేననీ చెప్పాడు. తర్వాత మైకు భర్త చేతికిచ్చాడు. మగమనిషి కుర్చీలో కూర్చుని ఉంటే ఇంకెవరికిస్తాడు?

“దీని బటన్ చాలా మెత్తన సార్. పాతదానిలా గట్టిగా నొక్కక్కర్లేదు, ఊరికే తగిలినా చాలు. నొక్కినంతసేపూ ఈ ఎర్ర లైటు వెలుగుతుంది, మన మాట అన్ని స్టేషన్లకీ పోతుంది. నిమిషం దాటితే సెట్టే కట్ చేసేస్తుంది.”

“అది సరేగానీ, జీతం ఎప్పట్నుంచి వస్తుంది?” అన్నాడు భర్త.

ఇంజనీరు చెప్పిందంతా ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది, మనసులో తిరిగి చెప్పుకుంది. అతను టవరు దగ్గరికి వెళ్లి అక్కణ్నుంచి పిలుస్తానని బయల్దేరాడు. అత్తగారు సెట్టు పక్కన పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. భర్త మైకుని టీవీ రిమోటులా పిడికిట్లో బిగించి, కాలు మీద కాలేసుకున్నాడు.

“ఇదిగో, పోస్టు ఎవరి పేరునని వాడు అడిగితే నేను చెప్తాను. నువ్వు మధ్యలో దూరి పరువు తియ్యకు” అన్నాడు.

ఎర్ర లైటు వెలిగింది.

ఆమె చూసింది. చటుక్కున నోరు తెరిచింది కూడా. లైను తెరిచి ఉంది అని చెప్పడం ఆమెకి ఊపిరి తీసుకోవడం లాంటిది. ఎవరి బటన్ ఎక్కడ ఇరుక్కున్నా ముందుగా కనిపెట్టి హెచ్చరించేది తనే. లైను ఊరికే పట్టుకుంటే ఎక్కడో ఎవరి ప్రాణమో ఆగిపోతుంది. కానీ ప్రాణాలు మోసే సెట్టు పాతది, అది పక్కన నిక్షేపంగా ఉంది. ఈ కొత్త ఛానల్ మీద ఇవాళ అన్ని స్టేషన్లూ చెవులు రిక్కించుకుని, గుట్ట ఏం మాట్లాడుతుందా అని ఎదురుచూస్తున్నాయి. వినాలనుకున్నవాళ్లు వినవచ్చు అనుకుంది. తెరిచిన నోటితో ఇంకో మాట అంది.

“మరి మీ షోరూము ఉద్యోగం?”

“అది ఎక్కడికి పోతుంది? ఇక్కడ కూర్చునేది నువ్వేగా.”

అత్తగారి వేళ్లు ఆగాయి. ఆవిడ కళ్లు ఎర్ర లైటు మీదికి వెళ్లాయి, అక్కణ్నుంచి కోడలి మొహం మీదికి వచ్చాయి. సెట్టుతో సగం జీవితం గడిపిన మనిషి, ఆ లైటేమిటో ఆవిడకి ఒకరు చెప్పాలా? ఇప్పుడు అరుస్తుంది, అయిపోయింది అనుకుంది కోడలు. ఆవిడ అరవలేదు. ఒళ్లోని బఠాణీల బుట్ట తీసి, బల్ల మీద, సరిగ్గా ఆ లైటు కొడుక్కి కనపడకుండా పెట్టింది. మళ్లీ ఒలవడం మొదలెట్టింది.

కోడలు మైకుకి బాగా వినపడేంత దగ్గరికి వచ్చింది. నిమిషంలో ఎంత మిగిలిందో తెలియదు.

“నాకు సరిగ్గా అర్థం కాలేదు. విన్నది తిరిగి చెప్తాను, తప్పుంటే దిద్దండి. పోస్టు మీ పేరున.”

“ఆఁ.”

“పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండేది నేను.”

“మామూలేగా, కొత్తగా చెప్తావేంటి?”

“జీతం మీకు.”

“నాకంటే ఏంటే, ఇంటికే! నీకు డబ్బుతో పనేముంది? మాటలకి కూడా జీతాలిస్తే ఆడవాళ్లందరూ ఈపాటికి మేడలు కట్టేవాళ్లు.” తన జోకుకి తనే నవ్వాడు.

అతను నవ్వుతుండగానే సెట్టు కుయ్యిమని అరిచి కట్ అయింది. ఉలిక్కిపడి మైకు బల్ల మీద పడేశాడు. “ఏంటిది, పాడయిందా?”

పాడవలేదు. ముందు ఇంజనీరు గొంతు వచ్చింది. “టవరు దగ్గర్నుంచి... సిగ్నల్ చాలా బావుంది సార్. ఒక్క అక్షరం కూడా పోలేదు.”

“ఫైర్ స్టేషన్. మేమూ విన్నాం.”

“అంబులెన్సు. విన్నాం. మా నర్సమ్మ కూడా విన్నారు.”

“క్వారీ నుంచండీ. కొత్త సెట్టని ఇక్కడ స్పీకరుకి కలిపాం. అందరం విన్నాం.”

భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు. సెట్టు వంకా పెళ్లాం వంకా మార్చి మార్చి చూశాడు. “లైటు... నువ్వు చూశావా? చూసి కూడా చెప్పలేదా?” అన్నాడు.

“మధ్యలో దూరవద్దన్నారుగా” అంది.

అప్పుడు కంట్రోల్ లైన్లోకి వచ్చింది. కంట్రోల్ పెద్దాయన మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. బస్సు ఒరిగిన రోజు, పాప పుట్టిన రోజు, అవతల ఉన్నది ఆ గొంతే.

“గుట్టా, కంట్రోల్. అమ్మాయ్, ఈ పోస్టుకి నేను ఒక పేరు పంపాలి. ఇన్నేళ్లూ రికార్డులో ఉన్న పేరే పంపుదామనుకున్నాను. తప్పు నాదీ ఉంది. గుట్ట అంటే ఎవరో నువ్వే చెప్పు. ఓవర్.”

భర్త మైకు కోసం చెయ్యి చాచాడు. “నేను సర్దిచెప్తానుండు, ఏదో సరదాకి అన్నానని...”

“ఆగరా” అంది అత్తగారు, బఠాణీల మీంచి తలెత్తకుండానే. “అడిగింది దాన్ని. మీ నాన్న ఉన్నప్పుడు నన్నెవరూ అడగలేదు. దాన్నన్నా చెప్పనీ.”

ఆమె చెంగుతో ఉల్లిపాయ తడి తుడుచుకుని మైకు అందుకుంది. బటన్ నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది. ఈసారి అత్తగారు బుట్ట అడ్డం తీసేసింది.

“కంట్రోల్, గుట్ట లైన్లో ఉంది. పోస్టు నా పేరున రాయండి.” తన పేరు చెప్పింది. ఆ ఇంట్లో చాలా ఏళ్లుగా ఎవరూ పిలవని పేరు, లోయకీ పట్నానికీ ఒకేసారి వినపడింది. “జీతం నా ఖాతాలో వెయ్యండి. అందరిలాగే నాకూ డ్యూటీ వేళలుంటాయి, వారానికి ఒక సెలవు ఉంటుంది. నేను దిగాక కూర్చునే మనిషిని మీరే పంపాలి, మా ఇంట్లో ఊరికే చేసేవాళ్లు ఇంకెవరూ లేరు. విన్నది తిరిగి చెప్పండి. ఓవర్.”

కంట్రోల్ పెద్దాయన తిరిగి చెప్పాడు. ఆమె పేరు, ఖాతా, వేళలు, సెలవు, మనిషి, ఒక్క ముక్క పోకుండా, ఒక్క ముక్క కలపకుండా.

ఆమె మైకు కొక్కేనికి తగిలించి భర్త వైపు తిరిగింది.

“మీరూ తిరిగి చెప్పండి” అంది.