కార్డుకి పసుపు, నాకు చెమట

నేను ఒక బీపీ మిషన్ని. బ్యాటరీ వేస్తే కీచుమనే ఇప్పటి రకాన్ని కాదు. పొడుగాటి రేకు పెట్టె, మూత తెరిస్తే నిటారుగా నిలబడే గాజు గొట్టం, అందులో పాదరసం ఉన్న పాతకాలం దాన్ని. నాకు అసూయ ఎక్కువ. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

పుట్టింది ఎక్కడో పేరు గుర్తులేని కార్ఖానాలో. మొదట పట్నంలో ఒక పెద్ద డాక్టరుగారి బల్లమీద కూర్చున్నాను. ఆయన నా రబ్బరు బుడ్డి నొక్కుతూ ఇళ్ళ స్థలాల సంగతులు మాట్లాడేవారు. రోగి మాత్రం ఊపిరి బిగబట్టి నా వంకే చూసేవాడు. ఆయన బల్లమీదికి కొత్త మిషన్ వచ్చిన రోజున నన్ను తన కాంపౌండరు సన్యాసినాయుడికి ఇచ్చేశారు. నాయుడు నన్ను చంకలో పెట్టుకుని, జీడితోటల మధ్య ఉన్న సొంత ఊరికి వచ్చి, డాక్టరుబాబు అయిపోయాడు.

ఆ రోజులే రోజులు! సంతనాడు నాయుడి అరుగు మీద జనం వరస కట్టేవారు. జీడిబట్టీలో పిక్కలు కాల్చే గవరయ్య అందరికంటే ముందుండేవాడు. మసి పట్టిన చెయ్యి చాపి, "డాక్టరుబాబూ, ఇయాల ఎంత సెప్తందో సూడు" అనేవాడు. నా గుడ్డపట్టీ నిండా అతని చెమటే. పాదరసం పైకెక్కితే భయపడి మాత్ర వేసుకునేవాడు. నా మాటంటే అంత గురి.

అంతలో ఊళ్ళోకి అది వచ్చింది. ప్రభుత్వం వారి వైద్యం కార్డు. అరచేతిలో పట్టే ముక్క. చెయ్యి పట్టుకోదు, మంచీచెడూ చెప్పదు, ఒక్కడి నాడి చూసిన పాపాన పోలేదు. అయినా దానికి చేసిన మర్యాదలు చూడాలి! ఇంటింటా దేవుడి గూట్లో పెట్టారు, పసుపు రాశారు, కుంకుమ బొట్టు పెట్టారు. ఇన్నేళ్ళు ఊరందరి చేతులూ మోసిన నాకు ఒక్కనాడైనా ఎవరూ బొట్టు పెట్టలేదు.

పెద్ద రోగం వచ్చి ఆసుపత్రిలో చేరితే ఆపరేషన్ ఖర్చంతా ఆ కార్డే చూసుకుంటుందట. రోజూ వేసుకునే బీపీ మాత్రకు మాత్రం అది పనికిరాదు. ఆ సంగతి ఎవరికి పట్టింది? గవరయ్య సంతనాడు అరుగు ముందు నుంచే నడిచి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. నాయుడు పిలిస్తే, "కార్డుంది కదేటి బాబూ" అని నవ్వేవాడు. మాత్రలూ మానేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అతని భార్య అచ్చియ్యమ్మ ఇంకో మెట్టు పైకెక్కింది. కార్డుని పసుపు గుడ్డలో కట్టి, అమ్మవారి గుడి దూలానికి ముడుపుగా వేలాడదీసింది. "ఈ కార్డు మాకు అక్కరపడకుండా సూడు తల్లీ. నీ పండగదాకా అక్కరపడకపోతే కోడిని కోసి ముడుపు ఇప్పుతాను" అని మొక్కుకుంది. కార్డు మనిషిని కాస్తుంది, కార్డు అవసరం రాకుండా అమ్మవారు కాస్తుంది. మనుషుల తెలివికి మురిసిపోవాల్సిందే.

పండగ ఇంకా రాలేదు. ఒక ఎండపూట గవరయ్య బట్టీ దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. నాయుడు నన్ను తీసుకుని పరుగెత్తాడు. అదే మసి చెయ్యి మళ్ళీ నా పట్టీలోకి వచ్చింది. నిజం చెప్పనా? క్షణంసేపు నాకు సంతోషమే వేసింది. తర్వాత పాదరసం అడుగునే తచ్చాడుతుంటే నాకే భయం పట్టుకుంది.

"గుండెపోటప్పా ఇది. పట్నం ఎల్లాల. ఆపరేసను పడుద్దేమో, కార్డు పట్టుకొచ్చీ" అన్నాడు నాయుడు.

అచ్చియ్యమ్మ మొహం పాలిపోయింది. గవరయ్యని ఆటోలో పడుకోబెట్టి గుడి ముందు ఆపారు. ఆమె ముడుపు కింద నిలబడి చెయ్యి ఎత్తుతుంది, దించుతుంది. "ఇప్పితే మొక్కు తప్పినట్టే. తల్లి ఈయన్ని ఉంచుద్దా బాబూ?" అని ఏడుపు. విప్పకపోతే ఆపరేషన్ లేదు. ఆటోలో గవరయ్య మూలుగు సన్నగిల్లుతోంది.

గుడి చూసుకునే ముసలమ్మ బంగారమ్మ వచ్చింది. "ఇప్పీయే. పేనం కంటేనా? కానీ అమ్మోరికాడ ఉత్త గుడ్డ యేలాడకూడదు. బదులేటైనా ఎట్టు" అంది. అచ్చియ్యమ్మ గబగబా ముక్కుపుడక తియ్యబోయింది.

"అది ఒంటిని కాస్తదేటి? కాసేదాన్ని ఇప్పుతున్నావు, కాసేదే ఎట్టాల" అంది బంగారమ్మ.

అందరి చూపులూ నాయుడి చంక వైపు తిరిగాయి. నాయుడు నన్ను గట్టిగా అదుముకున్నాడు. నేను లేకపోతే అతను ఉత్త కాంపౌండరే. ఒకసారి ఆటోలోకి చూశాడు. నన్ను అచ్చియ్యమ్మ చేతుల్లో పెట్టాడు.

కార్డు దిగింది, నేను ఎక్కాను. మూట కట్టేముందు బంగారమ్మ నా మూతకి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆటో దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. ఆ దొంగముఖం కార్డు పనికి పోయింది, నేను పూజకి మిగిలాను.

పండగకి గవరయ్య బతికే వచ్చాడు. మనిషి సగమయ్యాడు, గుండెమీద కుట్టు గీత. జేబులో కార్డు, అంచులు నలిగి, వాడిన వస్తువులా దర్జాగా ఉంది. అచ్చియ్యమ్మ నాయుణ్ణి అడిగింది, "మొక్కు తప్పినందుకు అమ్మోరికి తప్పు కట్టుకుని కోడిని కోసేత్తాను. నీ మిసను ఇప్పీమంటావా బాబూ?"

"ఉండనియ్యప్పా. నాకు కొత్తది వొచ్చీసింది గదా" అన్నాడు నాయుడు. అతని సంచీలోంచి ఏదో కీచుమంది.

గవరయ్య నా కిందకి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, ముడుపుని తాకాడు. ఆ మణికట్టు పసుపు గుడ్డ మీదుగా నాకు ఆనింది. మసి లేదు, చెమట ఉంది. గొట్టంలో నా పాదరసం నిలవలేకపోయింది. ఒక్కసారి పట్టీ చుట్టి బుడ్డి నొక్కితే ఎంతుందో చెప్పేదాన్ని.

అతను దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు.