లెక్కలోకి రాని చెంచాలు

అయినా చెంచా కొసకి అంటిన క్రీముని ఎవరైనా తిండి అంటారా, అది పని కదా, దర్జీ గుడ్డకి టేపు పట్టడం లాంటిదే కదా అనుకుంటూ కేకు మాస్టారు నారింజ తొక్క తురుముతున్నాడు, మూడు వారాలుగా నోరు కట్టేసుకుని బతుకుతున్నాడు పాపం, షుగరని తెలిసిన మర్నాటి నుంచి పొద్దున రెండు గుడ్లు, గిన్నెడు కీరా ముక్కలు, మధ్యాహ్నం సగం కంచం కూరలే, పక్కన ఒక్క కప్పు అన్నం, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఒళ్లు తేలికపడింది, మెట్లెక్కితే ఆయాసం లేదు, ప్యాంటు జారుతోందని మురిసిపోయి బెల్టుకి తానే ఇంకో చిల్లు పొడుచుకున్నాడు, తిన్నదల్లా పొల్లుపోకుండా పుస్తకంలో రాశాడు, అయినా పదకొండింటికి వేలు పొడిచి చూస్తే ఆ అంకె మాత్రం దిగిరాదు, నిన్న ఆసుపత్రిలో డైటీషియన్ అమ్మాయి పుస్తకం రెండుసార్లు తిరగేసి, దాచకుండా చెప్పండి అంకుల్, ఇంకేం తింటున్నారు అంటే, ఒట్టమ్మా, ఇంకేమీ లేదు అని ఒంటికాలి మీద లేచాడు, మరి మీ కేకుల్లో తీపి సరిపోయిందో లేదో మీకెలా తెలుస్తుంది అంకుల్ అంది ఆ పిల్ల మెల్లగా, అప్పుడు కదా నాలుక్కరుచుకున్నాడు, పిండికో చెంచా, పాకానికో చెంచా, క్రీముకి రెండు, పొద్దు నడినెత్తికి వచ్చేలోపు ఎన్నో ఆ దేవుడికే తెలియాలి, ఒక్కటీ ఆ పుస్తకంలోకి ఎక్కలేదు.

రుచి చూడనివాడు ఇంకేం మాస్టారు, జనం వచ్చేది తన నాలుక చూసే అని ఇరవై ఎనిమిదేళ్లు మీసం మెలేశాడు, ఇప్పుడా నాలుకకి తాళం పడితే దుకాణానికీ పడ్డట్టే కదా, ఎదురుగా బల్ల మీద పెళ్లి కేకు, నాలుగు అంతస్తులు, పన్నెండింటికి బండి వస్తుంది, మధ్యలో పరవాల్సిన నారింజ క్రీము గిన్నెలో సిద్ధంగా ఉంది, వాసన బాగానే ఉంది, గరిటె ఎత్తితే జారడమూ బాగానే ఉంది, అయినా పులుపూ తీపీ తూగకపోతే పెళ్లివాళ్ల ముందు పరువేం కాను, ఒక్క చెంచాకి ఏం మునిగిపోతుంది, ఒక్కటే, అని చెంచా నోటిదాకా వచ్చింది, మళ్లీ ఆ అమ్మాయి ముఖం గుర్తొచ్చింది, సిగ్గేసింది, చెంచా కింద పెట్టి, కౌంటరు దగ్గర అట్టపెట్టెలు మడుస్తున్న భార్యని పిలిచాడు, ఇటొకసారి వస్తావా అని, నీది ఉప్పూకారం నాలుక, తీపి సంగతి నీకేం తెలుసు అని ఇన్నేళ్లూ తానే ఆటపట్టించిన మనిషిని.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, చెంచా జోలికే పోకుండా కేకు అంచు కోసిన ముక్క ఒకటి తీసి, దానికి క్రీము రాసి, నింపాదిగా నమిలింది, పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లాడిలా అతను నిలబడ్డాడు, విడిగా తింటే క్రీము బాగుంటుందండీ, కేకుతో కలిసేసరికి తీపెక్కువ, ఎప్పుడూ అంతే అంది, ఎప్పుడూనా, మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం అంటే, మీరెప్పుడడిగారు గనక అంది, కోపం రాబోయింది గానీ నవ్వే ముందొచ్చింది, ఆమె ఇంకో నారింజ రసం పిండి, క్రీములో కలిపి, మళ్లీ చిన్న ముక్క నోట్లో వేసుకుని తలాడించింది, నీకూ షుగరొస్తే నా గతేంటి అంటే, ఈ రెండు ముక్కలూ మీ పుస్తకంలో నా పేర రాయండి, సాయంత్రం మీతో పాటు నేనూ నడుస్తాను అంది, అతను క్రీము పరవడం మొదలుపెట్టాడు, చేయి ఎక్కడా తడబడలేదు, పిండి పిండిగా, క్రీము క్రీముగా నాకి వదిలేయడమే గానీ తన కేకు ముక్క ఒకటి కూర్చుని తిన్న రోజు ఒక్కటీ గుర్తురాలేదు, రోజూ అంచుముక్కలు తిని కేకుని కేకుగా ఎరిగింది ఈ మనిషే, కొలత తన చేతిది, రుచి ఈమెది, మధ్యలో ఒక్క మాట అడగడానికి తనకి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.